శంకరవ్వ వద్దన్న పరలోకం

కోరుట్ల,
19 నవంబరు 2024, మంగళవారం.

చిరంజీవి కరుణాకర్‌కు,

ప్రభువు పేరిట నీకూ నీ ఇంటిల్లిపాదికీ శాంతి సమాధానాలు కలగాలని కోరుతూ రాస్తున్నాను. నలభై ఏళ్లుగా ఎవరికి ఉత్తరం రాసినా ఇట్లాగే మొదలుపెట్టాను. నీకు రాసేటప్పుడు మాత్రం ఆ మాట దగ్గర చేయి ఆగింది. మీ ఇంట్లో సమాధానం లేకుండా చేసినవాడే దాన్ని కోరితే నీకు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. అయినా కొట్టివేయలేదు. నిజంగానే కోరుతున్నాను.

ఫోన్ చేయవచ్చు కదా అని మా ఆవిడ సరోజన అంది. చేస్తే నువ్వు ఎత్తవు. నువ్వు నడిపే మరమగ్గాల, ఆ సాంచాల చప్పుడులో పొరపాటున ఎత్తినా నా గొంతు వినగానే పెట్టేస్తావు. ఉత్తరమైతే చింపేసే ముందు నాలుగు వరుసలైనా కంట పడతాయి. కాబట్టి ముఖ్యమైన మాట ముందే చెప్తున్నాను. మీ అమ్మ దేవునికి దూరమై చనిపోలేదు. మొన్న తొమ్మిదో తారీకున సమాధి దగ్గర నువ్వు మేనకోడలు లతతో, "అవ్వ అటు దేవునికి గాకుంట ఇటు మనకు గాకుంట పాయె" అన్నావట. అది అట్లా జరగలేదు. ఎట్లా జరిగిందో చూసినవాళ్లం లతా నేనూ ఇద్దరమే. లతకు సగమే తెలుసు.

లత బాగుంది. పోయిన సోమవారం నుంచి జగిత్యాలలో మళ్లీ కాలేజీకి పోతోంది. హాస్టల్ అన్నం సహించడం లేదంటే సరోజన నిమ్మకాయ తొక్కు సీసాలో పెట్టి పంపింది. లతే మీ అమ్మ ఇంటికి తాళం వేసి తాళంచెవి మా ఇంట్లో ఇచ్చింది. బీడీల చాట, కత్తెర మాత్రం తన వెంట తీసుకుపోయింది. హాస్టల్లో వాటితో ఏం చేస్తావమ్మా అని అడిగితే, "ఏం జెయ్య. ఉండనీ" అంది. నువ్వు దానికి రోజూ ఫోన్ చేస్తున్నావని చెప్పింది. ఆ పని మానకు.

నేను సంఘానికి పాస్టరుగా నా బాధ్యత వదిలిపెట్టాను. మొన్న ఆదివారం సంఘ పెద్దలకు కాగితం ఇచ్చాను. వయసు అయిపోయిందని, మోకాళ్ల నొప్పులని వాళ్లు అనుకుంటున్నారు. వచ్చే ఆదివారం సంఘం ముందు నిలబడి అసలు కారణం చెప్తాను. ఆ మాట నీ చెవిన ఊరి నోట పడకముందే నీకు నా చేతిరాతలో చేరాలి. అందుకే ఈ ఉత్తరం.

ఇందులో నీకు తెలిసిన సంగతులు కూడా రాస్తాను, విసుక్కోకు. ఎప్పటికైనా ఇది లత చదవాలి. దానికి తల్లి సంగతి ఎవరూ సరిగా చెప్పలేదు.

నేను కోరుట్ల సంఘానికి వచ్చేనాటికి నీకు పద్నాలుగేళ్లు, మీ అక్క భాగ్యకు పదిహేడు. మీ నాయన అప్పటికే లేడు. మీ అమ్మ చాట ఒళ్లో పెట్టుకొని, పొద్దంతా తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి మీ ఇద్దరినీ సాకింది. బాప్తిస్మం నాడు, శంకరవ్వ అన్న పేరు మార్చుకుంటావా అని అడిగితే, "దేవుడు పిలిస్తె గీ పేరుకే పలుకుత. కొత్తపేరు వెడితె నన్ను కాదనుకుంట" అన్న మనిషి. నవ్వుతూ అదే పేరుతో బాప్తిస్మం ఇచ్చాను. ఆ రోజుల్లో నాకు నవ్వడం వచ్చు.

భాగ్య ఆదివారం బడిలో చిన్నపిల్లలకు పాటలు నేర్పేది. ఆమె గొంతు ఎత్తితే వెనక వరుసలో కునికే ముసలివాళ్లు కూడా నిటారుగా కూర్చునేవాళ్లు. కథలాపూర్‌కు కోడలిగా పోయాక కూడా నెలకు రెండు ఆదివారాలు వచ్చేది. లత పుట్టింది. నాలుగేళ్ల తర్వాత రెండో కాన్పులో బిడ్డ ఊపిరి లేకుండా పుట్టింది. ఆమె భర్త సతీశ్ అప్పుడు సౌదీలో, దమ్మాములో ఉన్నాడు, రావడానికి సెలవు దొరకలేదు. ఆ కాన్పు తర్వాత భాగ్య పాట ఆగిపోయింది. కొన్ని నెలలకు మాట కూడా ఆగింది. అత్తగారింట్లో గోడకు ఆనుకొని పొద్దంతా అట్లాగే కూర్చునేది. లత వచ్చి ఒళ్లో పడుకుంటే తల మీద చేయి వేసేది, అంతే.

ఒకరోజు నువ్వు నా దగ్గరికి వచ్చి అడిగావు, గుర్తుందా? "అయ్యగారూ, కరీంనగర్‌ల మనసు బాగలేనోళ్లకు సూసే డాక్టరు ఉన్నడట. అక్కను ఒకపారి తీస్కపోదామా" అన్నావు. అది డాక్టర్ల చేతిలో ఉన్న సంగతి కాదు, ఉపవాస ప్రార్థన పెడదాం అన్నాను. అప్పటికి నువ్వు వాక్యం చదువుకోవడానికి బైబిలు కాలేజీకి పోదామని నా సిఫారసు ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నావు. నా మాట నీకు దేవుని మాటకు ఒక మెట్టు కింద ఉండేది. నువ్వు మళ్లీ డాక్టరు ఊసు ఎత్తలేదు. ఇప్పుడు నాకు తెలుసు. అది జబ్బు. మందులున్న జబ్బు. ప్రార్థన పెట్టి, బస్సు కూడా ఎక్కించాల్సింది.

2013 ఆగస్టులో భాగ్య తన ప్రాణం తానే తీసుకుంది. ఆమె దేహాన్ని పూడ్చడానికి కోరుట్లకు తెచ్చారు. సంఘ పెద్దలు అడ్డుపడ్డారని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకున్నాను. అడ్డుపడ్డది నిజమే. కానీ వాళ్లు అడిగింది సమాధుల స్థలం గోడకు ఇవతల కాకుండా అవతల పూడ్చమని మాత్రమే. అక్కడ నిలబడి ప్రసంగం చేయమని నన్ను ఎవరూ అడగలేదు. నేనే చేశాను. చావును చూసి ఏడవకండి, చావు కంటే ఘోరమైనది ఒకటుంది, దాని పేరు రెండవ మరణం, నరకాగ్ని, భాగ్య పోయింది అందులోకే, ఆమె కోసం ఎవరూ ప్రార్థన చేయకండి అన్నాను. లత అప్పుడు మీ అమ్మ చంకలో ఉంది.

నువ్వు జనంలోంచి వచ్చి నా చేతిలోని బైబిలు తీసుకొని మూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టావు. "ఇగ సాలు అయ్యగారూ" అన్నావు. పార తీసుకొని గోడ అవతలికి పోయావు. గుంత నువ్వే తవ్వావు. ఆ తర్వాత నువ్వు మందిరం మెట్టు ఎక్కలేదు.

మూడో ఆదివారం ఆరాధన అయిపోయాక మీ అమ్మ ఒక్కతే ఆగింది. అందరూ పోయేదాకా చూసి అడిగింది.

"అయ్యా, బొంద కాడ నువ్వు చెప్పింది నిజమేనా?"

వాక్యం అబద్ధం చెప్పదు అన్నాను.

"అయితె నేను పరలోకానికి పోతె నా బిడ్డ నాకు కనవడదా?"

పరలోకానికీ నరకానికీ నడుమ ఎవరూ దాటలేని అగాధం ఉంది శంకరవ్వా అన్నాను. అటువాళ్లు ఇటు రాలేరు, ఇటువాళ్లు అటు పోలేరు అన్నాను. ఆమె ఏడవలేదు. ఎదురు చెప్పలేదు. అంగట్లో ఏదో అడిగి, లేదంటే సరే అని వెళ్లిపోయే మనిషిలాగా తల ఊపి, "గట్లనా" అని పోయింది. నేను తాళం వేసుకొని ఇంటికి పోయి అన్నం తిన్నాను.

అప్పటి నుంచి పదకొండేళ్లు ఆమె మందిరం లోపల కాలు పెట్టలేదు. శనివారం నాడు వచ్చి వాకిలి ఊడ్చేది. ఆదివారం వచ్చి బయట మెట్ల మీద కూర్చునేది. ప్రభువు బల్ల నాడు ఆయన శరీరమని అందరికీ పంచే రొట్టె బయటికి పంపిస్తే, "నాకద్దు" అనేది. ఇది చూసే నువ్వు ఆమెతో తెగతెంపులు చేసుకున్నావు. నీ అక్కను అట్లా అన్నవాని వాకిలి ఊడ్చుడు బంద్ చేస్తేనే ఇంటికి వస్తానన్నావు. ఆమె బంద్ చేయలేదు, నువ్వు రాలేదు. నీకు అది పౌరుషం లేకపోవడంగా కనిపించింది. నాకు పశ్చాత్తాపంగా కనిపించింది, కూతురు చేసిన పాపానికి సిగ్గుపడుతోంది అనుకున్నాను. మనిద్దరికీ తెలియలేదు కరుణాకర్.

ఈ సెప్టెంబరులో ఆమెకు దగ్గు ముదిరింది. జగిత్యాల ఆసుపత్రిలో చేర్పించాం. ఊపిరితిత్తులు పాడైపోయాయని, ఇంటికి తీసుకుపోయినా ఇక్కడ ఉంచినా ఒకటేనని డాక్టరమ్మ చెప్పింది. లతకు దగ్గరగా ఉంటుందని అక్కడే ఉంచాం. నీకు చెప్పమని లత నన్ను అడిగింది. "వాడు సాంచాల మీద ఉంటడు, ఆని పని సెడగొట్టకుండ్రి" అని మీ అమ్మ వద్దంది. నిన్ను దూరం పెట్టడానికి కాదు. కొడుకు వస్తే తనకు బతకాలనిపిస్తుందని భయపడింది. ఆ సంగతి కూడా నాకు తర్వాతే అర్థమైంది.

నేను రోజు విడిచి రోజు బస్సులో పోయేవాణ్ని. అక్టోబరు ఆఖరున ఒక మధ్యాహ్నం రొట్టె, ద్రాక్షారసం పట్టుకొని పోయి, ఇప్పుడన్నా తీసుకో శంకరవ్వా, ఇంకెంతకాలం ఈ పట్టు అన్నాను. లత మందుల కోసం కిందికి పోయింది. పక్క మంచం ఆమె నిద్రపోతోంది. మీ అమ్మ ఒక్కో మాటకు ఆగుతూ చెప్పింది. నాకు గుర్తున్నంతవరకు ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"నువ్వే చెప్పితివి గదయ్యా, నా బిడ్డ యాడున్నదో. అది ఒక్కతె పోయింది. సిన్నప్పటి సంది సీకటంటె భయం దానికి. నా కొంగు వట్టుకోకుంట బయటికి పోయేది గాదు. అసొంటిది గాడ ఒక్కతె ఉంటె, నేను పరలోకంల సల్లగ కూసుండి ఏం జెయ్యాలె? రొట్టె తింటె యేసయ్య నన్ను గుంజుకుంటడు. ఆయన గుణం నాకెరుక. గందుకే తింటలేను. నేను నా బిడ్డ కాడికే పోత."

ఆమె ఊపిరి తీసుకొని మళ్లీ చెప్పింది.

"ప్రార్థన బందువెట్టుడే కష్టమైంది. బీడీలు సుట్టుకుంట కూసుంటె దానంతట అదే నోట్లెకు అచ్చేది. అచ్చినప్పుడల్ల ఆకులు లెక్కవెడుతుంటి. ఒకటి, రెండు, మూడు అనుకుంట పోతె మరుపుకు వడేది."

దేవుని మీద అంత కోపమా అని అడిగాను. ఆ ప్రశ్నకు ఆమె నవ్వినంత పని చేసింది.

"ఆయన మీద నాకేం కోపమయ్యా. ఆయన తోని మాట్లాడకుంట ఉండలేకనే వాకిలి ఊడుస్తుంటి. లోపటికి పోవద్దు, గని వాకిలి దాకనన్న పోవద్దా?"

కరుణాకర్, నేను నరకం గురించి చేసినన్ని ప్రసంగాలు ఈ జిల్లాలో ఇంకెవరూ చేసి ఉండరు. సిరిసిల్ల ప్రార్థన కూటాల్లో నా ప్రసంగానికి ఆడవాళ్లు వణికిపోయేవాళ్లు. ఆ అగ్నినీ ఆ చీకటినీ చూసినట్టే చెప్పేవాణ్ని. నేనేమీ చూడలేదు. మీ అమ్మ చూసింది. తనకు అందరికంటే ఇష్టమైనవాడు రోజూ దగ్గరికి వస్తుంటే, రోజూ తన చేతులతో తానే నెట్టివేస్తూ, బిడ్డ కోసం అందులోనే బతికింది. చావు కంటే ఘోరమైనది ఉందని గోడ దగ్గర గొంతు చించుకొని చెప్పాను కదా. దాన్ని నేనే తయారుచేసి ఒక తల్లి చేతిలో పెట్టాను.

అదే మంచం పక్కన నిలబడి, నేను తప్పు చెప్పాను శంకరవ్వా అన్నాను. భాగ్య ఎక్కడుందో నాకు తెలియదు, తెలిసినట్టు మాట్లాడాను, జబ్బు మనిషిని దేవుడు ఎట్లా చూస్తాడో చెప్పడానికి నేనెవరిని అన్నాను. భాగ్య తెలిసి చేసిన పని కాదది, జబ్బు చేయించింది అన్నాను. ఇంకా చాలా చెప్పాను. ప్రభువు చనిపోయినప్పుడు చీకట్లోకి కూడా దిగిపోయాడని, ఆయన పోలేని చోటు లేదని చెప్పాను. ఆమె అంతా విన్నది. విని ఒక్కటే అడిగింది.

"అప్పుడు అబద్ధం చెప్పినవా అయ్యా, ఇప్పుడు చెప్తున్నవా?"

నా దగ్గర జవాబు లేదు. అంటే, ఉంది. నోరు రాలేదు. సచ్చేదాని ముఖం చూసి మంచిమాటలు చెప్తున్నావు, ఎంతైనా నీ గుణం మంచిదే అని ఆమే నన్ను ఓదార్చింది. కఠినమైన మాట అన్నప్పుడు నన్ను నమ్మిన మనిషి దయగల మాట అన్నప్పుడు నమ్మలేదు. రొట్టె తిరిగి సంచిలో పెట్టుకొని బస్సెక్కాను.

నా సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి, జాలి కోసం కాదు. భాగ్యను పూడ్చిన రోజు నుంచి నాకు ఏడుపు రాలేదు. ఆమె కోసమే కాదు, మా అమ్మ పోయినప్పుడు కూడా రాలేదు. మోకాళ్ల మీద ఉంటే గోడతో మాట్లాడినట్టు ఉండేది. ప్రసంగాలు మాత్రం మునుపటికంటే బాగా వచ్చేవి. కూటాలకు పిలుపులు పెరిగాయి. ముస్తాబాద్ నుంచి కూడా కారు పంపి తీసుకుపోయేవాళ్లు. లోపల ప్రాణం పోయినా మనిషి నడుస్తాడు, తింటాడు, వాక్యం చెప్తాడు, ఎవరూ కనిపెట్టరు. మీ అమ్మ దేవుణ్ని నెడుతూ ఉన్నా ఆయన ఆమె చుట్టే తిరిగాడు. నేను రోజుకు మూడుసార్లు పిలిచినా నా ఇంట్లో ఎవరూ లేరు.

సరోజనకు మీ అమ్మ అడిగిన ప్రశ్న చెప్పాను. ఆమె కూర తరగడం ఆపి, "ఆమె అడిగినదానికి జవాబు నీ దగ్గర ఉన్నట్టే కనవడుతుంది నీ ముఖం జూస్తె. ఉంటె పోయి చెప్పిరా, ఆమెకు శానా దినాలు లేవు" అంది. నేను వారం రోజులు పోలేదు. ఆసుపత్రికే పోలేదు. జ్వరమని లతకు ఫోన్లో అబద్ధం చెప్పాను.

ఏడో తారీకు గురువారం పొద్దున పోయాను. మీ అమ్మకు ఒక సంగతి చెప్పాను. అది ఇక్కడ రాయడానికి చేయి రావడం లేదు. ఆ సంగతి విన్న తర్వాత ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి. పదకొండేళ్లలో ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నర్సమ్మ వచ్చి ఏమైందని అడిగితే నేను పక్కకు జరిగాను. లత ఆ పూట కాలేజీకి పోకుండా వచ్చి ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.

పన్నెండు దాటాక మీ అమ్మ ఇటు తిరిగి, "రొట్టె తెచ్చినవా" అని అడిగింది.

తెచ్చాను. తీసి ప్రార్థన చేయబోతే వద్దంది. నా చేతిలోంచి తీసుకోనంది. "గా పిల్లకియ్యి" అంది. లతకు ఏం చేయాలో తెలియదు. ఇట్లా తుంచి అట్లా పెట్టు అని నేను దూరం నుంచి చెప్తుంటే, గోరంత ముక్క మీ అమ్మ నాలుక మీద పెట్టింది. మింగడానికి చాలాసేపు పట్టింది. ద్రాక్షారసంతో పెదాలు తడిపింది. అప్పుడు మీ అమ్మ కళ్లు మూసుకొని ప్రార్థన చేసింది. దగ్గు నడుమ ఆగి ఆగి చేసిన ప్రార్థన ఇది. ఇంటికి పోతూ బస్సులోనే కాగితం మీద రాసుకున్నాను, ఒక్క మాట పోకూడదని.

"యేసయ్యా, నిన్ను పలుకరియ్యక శానేండ్లాయె. కోపం జేసుకోకు. నా బిడ్డ యాడున్నదో నీకెరుక, గీ అయ్యకు ఎరుక లేదు. అది మంచికాడ ఉంటె నన్ను గాడికి తీస్కపో. మంచికాడ లేకుంటె నువ్వు నాతోని గాడికి రా. ఇద్దరం పోయి దాన్ని తోలుకద్దాం. కరుణాకర్‌ను సల్లగ సూడు. గీ పిల్లను సదివియ్యి."

ఇంతే. ఆమేన్ కూడా అనలేదు. కళ్లు తెరిచి లతను చూసి, కాలేజీకి పోలేదా అని అడిగింది.

మర్నాడు తెల్లవారుతుండగా పోయింది. లత చేయి పట్టుకొని ఉంది. బాధపడలేదని చెప్పింది.

నువ్వు వచ్చావు, నీ వాళ్లతో కలిసి గోడ అవతల భాగ్య పక్కనే ఆమెను పెట్టావు. ఎవరినీ ప్రార్థన చేయనియ్యలేదు. నేను రోడ్డు మీద వేపచెట్టు కింద నిలబడి చూశాను. నన్ను చూసి కూడా నువ్వు ఏమీ అనలేదు. అనకపోవడం నాకు మేలు కాదు, అయినా నీ దయ అనే అనుకుంటాను. ఆ రోజు అక్కడ నిలబడి ఉండగా నాకు ఏడుపు వచ్చింది. పదకొండేళ్ల తర్వాత వచ్చింది. దారిన పోయే ఆటో అతను ఆపి, ఏమైంది పెద్దాయనా అని అడిగాడు.

నన్ను క్షమించమని అడగడం లేదు. మందిరానికి రమ్మనీ అడగడం లేదు. నీ అక్క సంగతి నేను దేవునికి ఒప్పజెప్పాను, తీర్పు చెప్పే కుర్చీ నాది కాదని ఇప్పటికి తెలిసింది. నువ్వు మాత్రం, అమ్మ ఎవరూ లేనిదానిలాగా పోయిందని ఇంకెప్పుడూ అనకు. ఆమె తన బిడ్డ కోసం పరలోకాన్ని వద్దంది. ఆఖరికి దేవుణ్నే బతిమాలి తోడు తీసుకొని పోయింది. అటువంటి ప్రార్థన నేను నా జీవితంలో చేయలేదు. ఎవరి నోటా వినలేదు.

లత కోసమైనా కోరుట్లకు వచ్చిపోతుండు.

నీ గౌరవానికి అర్హుణ్ని కానని తెలిసి కూడా నీ పేరు రోజూ తలచుకునే,
సమ్మయ్య

తా.క. గురువారం నాడు మీ అమ్మకు చెప్పిన సంగతి రాయకుండానే కవరు అంటించాను. సరోజన ముందు కూర్చొని మళ్లీ విప్పాను. ఆమెకు కూడా ఇప్పుడే చెప్పాను.

భాగ్య చనిపోయిన రోజు పొద్దున ఎనిమిదింటికి మా ఇంటికి వచ్చింది. కథలాపూర్ నుంచి ఆటోలో వచ్చింది. ముందు మీ ఇంటికి పోయిందట, తాళం ఉంది. లతకు చెవిపోటని మీ అమ్మ దాన్ని తీసుకొని జగిత్యాల పోయింది. నువ్వు ఊళ్లో లేవు. సరోజన ఎల్లంతకుంటలో పుట్టింట్లో ఉంది. నేనొక్కణ్నే ఉండి, కూటాలకు ప్రసంగం రాసుకుంటున్నాను. ఆమె గడప అవతల నిలబడి, "అయ్యగారూ, నాకు భయమైతుంది. జరసేపు ఈడ కూసుంట" అంది. ఎన్నో నెలల తర్వాత ఆమె నోట నేను విన్న మాట అది. ఇప్పుడు పనిలో ఉన్నానమ్మా, ఆదివారం రా, ప్రార్థన చేద్దాం అన్నాను. తలుపు దగ్గరికి వేశాను. కొంతసేపు మెట్టు మీద కూర్చుంది. కిటికీలోంచి చూశాను. మళ్లీ చూసేసరికి లేదు.

సమాధి దగ్గర నేను ఆమెను నరకానికి పంపింది వాక్యం కోసం కాదు. తప్పంతా ఆమెదే అయితే నా తలుపు సంగతి ఎవరూ అడగరు, నన్ను నేను కూడా అడగనక్కర లేదు. అందుకని పంపాను.

ఇది విని మీ అమ్మ, "అయితె గది దేవుడన్న మాట కాదు. నువ్వన్న మాట" అంది. గోడ వైపు తిరిగే ముందు ఇంకొక్కటే అడిగింది.

"ఆ పొద్దు దానికి మంచినీళ్లన్న ఇచ్చినవా అయ్యా?"

ఇవ్వలేదని చెప్పాను.